కుందేళ్ళకు మేం పోసిన మంగళస్నానం

నా చిన్నప్పుడు నాకొక నల్ల కుందేలుండేదంటే మా మనవరాలు నమ్మదు. పాతపట్నం దగ్గర పల్లెలో, వరీ ఉలవలూ పండించుకునే ఇంట్లో కుందేలేమిటని దాని అనుమానం. ఉండేది. మా నాన్న సంతలో కొనుక్కొచ్చాడు. దానికొక చెక్క గూడు, ఆ గూటి మీద నాకు చెప్పలేనంత పెత్తనం.

ఆ వేసవిలో పక్కింటికి కొత్త కోడలొచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టింటి నుంచి చీరలతోపాటు ఒక బూడిదరంగు కుందేల్ని కూడా తెచ్చుకుంది. వాళ్ళత్త దాన్ని గడప దాటనివ్వలేదు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని మా పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే మా నాయనమ్మకు జాలేసింది. ఆవిడ జాలికి కూడా ఒక షరతుండేది. "కోళ్ళగూడు పదిహేను దినాలు వాడుకో. ఆలోగా మా దాంతో ఒక్క గూట్లో ఇమిడితే ఉండనీ, నేదంటే మీ ఊరు అంపించీ" అంది.

అత్తింట్లో అక్కతో మాట్లాడేవాళ్ళు లేరు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు నాలుగు తోటకూర కాడలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చి, కుందేలుతో కబుర్లు చెప్పుకునేది. అది కాస్తా పోతే ఆ ఊళ్ళో ఆమెకు తనదంటూ ఏమీ మిగలదు. ఈ సంగతి నాకూ తెలుసు. తెలియక చేశాను అనుకోవడానికి లేదు.

రెండూ ఆడవే. ఉన్నపళంగా కలిపితే కొట్టుకు చస్తాయని అక్కకు తెలుసు, వాళ్ళ పుట్టింట్లో కుందేళ్ళు పెంచేవారు. కోళ్ళగూటిని నా గూటికి జానెడు దూరంలో పెట్టింది. రోజూ సాయంత్రం ఇందులోని గోనెపట్టా ముక్క అందులో, అందులోది ఇందులో వేసేది. కొన్నాళ్ళకు జానెడు బెత్తెడయింది. ఆ తర్వాత రెండు గూళ్ళకీ మధ్య తీగల తడిక ఒక్కటే మిగిలింది. చెరోవైపూ ఆకు పెడితే ముక్కూ ముక్కూ ఆనించుకుని తినసాగాయి. నేను తొందరపెడితే, "ఉండవే సెల్లీ. దీని వాసన దానికి, దాని వాసన దీనికి పట్టాల. అప్పుడు రెండూ ఎరగని సోట కలుపుదుము" అనేది. మా ధాన్యం కొట్టు అందుకు బాగుంటుందని చూసి పెట్టుకుంది. ఈలోగా వాళ్ళత్తతో విజయనగరం వెళ్ళాల్సి వచ్చింది. రెండు రోజుల్లో వస్తాను, వచ్చాక కొట్లో వదులుదాం అని నాకు మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఆ రెండు రోజులు ఆగలేకపోయాను. ఏం పోయేకాలం వచ్చిందో నాకు! బొమ్మల పెళ్ళిళ్ళు చేసి చేసి మా నేస్తాలందరికీ విసుగెత్తి ఉంది. కుందేళ్ళకు పెళ్ళి చేద్దామన్నాను. నాదే పెళ్ళికొడుకు. పెళ్ళంటే మంగళస్నానం ఉండాలి కదా, రెండింటికీ పసుపు రాసి కుంకుడు రసంతో శుభ్రంగా తలంట్లు పోశాం. గూటి ముందు గిద్దెడు బియ్యం పెట్టి, అక్క కుందేలు కాలితో తన్నించి, గడియ తీసి నా కుందేలు గూట్లోకి పంపాం. మా ఊళ్ళో ఏ కోడలైనా ఇంట్లోకి అలాగే వస్తుంది మరి.

అర నిమిషం కూడా పట్టలేదు. నా కుందేలు దాని మీద పడింది. కుందేలుకు అరిచే గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది. విడదీసేసరికి అక్క కుందేలు చెవి సగానికి చిరిగింది, మెడ మీద బొచ్చు ఊడి నెత్తురొచ్చింది. నేస్తాలు పారిపోయారు. నేను దాన్ని కోళ్ళగూట్లో పడేసి, రెండు గడియలూ తీసి ఉంచి, అవే బయటికొచ్చి కొట్టుకున్నాయని నాయనమ్మతో చెప్పాను.

అక్క వచ్చింది. కుందేల్ని ఎత్తుకుని ఎప్పటిలాగే దాని బొచ్చులో ముక్కు పెట్టింది. కుంకుడు వాసన తగిలిందేమో, నా చేతుల వైపు చూసింది. గోళ్ళకు పసుపు ఇంకా వదల్లేదు, చేతులు వెనక్కి దాచుకున్నాను. ఇంతలో నాయనమ్మ వచ్చి, "గడియలు ఎవులు తీసినారే?" అని గద్దించింది. అక్క తలెత్తలేదు. "నానే మామ్మా. ఎల్లేముందు ఎయ్యడం మర్సిపోనాను" అంది.

నాయనమ్మ లోపలికి వెళ్ళాక నాతో ఒక్క మాటే అంది. "ఇన్నాళ్ళ వాసన ఒక్క చెంబుడు నీళ్ళకి పోనాది సెల్లీ. నన్నూ అలాగే తానం సేయించి తెచ్చీసినారు." ఆ గొంతులో కోపం లేదు. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది, ఏడుస్తూ నిజం కక్కేసేదాన్ని.

ఆ వారమే అక్క తమ్ముడొచ్చి కుందేల్ని బుట్టలో పెట్టుకుని బస్సెక్కాడు. అక్క మళ్ళీ మా పెరట్లోకి రాలేదు. గోడ అవతల ఆమె గాజుల చప్పుడు విన్నప్పుడల్లా రేపు చెప్పేద్దాం అనుకునేదాన్ని. మరుసటేడు వాళ్ళాయనకు ఎక్కడో దూరాన పని దొరికి, ఇద్దరూ ఊరు విడిచిపోయారు.

ఇప్పుడు ఎచ్చెర్లలో మా అబ్బాయింట్లో ఉంటున్నాను. మనవరాలు రెండు కుందేళ్ళు తెచ్చుకుంది. రోజూ సాయంత్రం వాటి గోనెపట్టాలు మార్చేది నేనే. ఎన్నాళ్ళే నానమ్మా అని అది విసుక్కుంటుంది, నేను వినిపించుకోను. దాని తల్లి మా ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి ఒక పాత దుప్పటి తెచ్చుకుంది. చాకిరేవుకు వెయ్యమని అందరూ అన్నారు. తనంతట తాను తీసి ఇచ్చేదాకా దాన్ని ఎవరినీ ఉతకనివ్వలేదు నేను. ముసల్దానికి చాదస్తమని నవ్వుకున్నారు, నవ్వుకోనీ. ఆ గడియ తీసింది నేనే నాయనమ్మా అని ఆ రోజు పెరట్లో అనాల్సింది. అక్క కుందేలు ఎలాగూ వెళ్ళిపోయేదే, ఆమె మాత్రం మా పెరట్లోకి వస్తూ ఉండేది.