గ్రిల్లు సందులోంచి కేబులు

మా మేనత్త పోయిందని మావ ఫోన్లో చెప్పలేదు. "నువ్వొకపాలి రాగలవేటమ్మా?" అన్నాడు, అంతే. ఆ గొంతు విన్నాక ఇంక అడగడానికేముంది! విజయనగరంలో ఆఫీసుకి తయారవుతున్నదాన్ని, ఆ చీరతోనే కారెక్కి నరసన్నపేట వెళ్ళాను. పొద్దున్నే టీ పెట్టిందట. అది పొంగేలోపే గట్టు పట్టుకుని కూలబడిపోయిందట. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆ వేళ మావ ఇంట్లోనే ఉన్నాడు, తలుపుకి తాళం లేదు. ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే ఆయన మీద నాకున్న కోపం ఈ నాలుగు ముక్కల్నీ ఎటో లాక్కుపోతుంది.

అత్త మా నాన్న చెల్లెలు. పెళ్ళికి ముందు కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెప్పేది. పెళ్ళయ్యాక ఆవిడ లోకం ఇంతే: మావ, ఆయన ధాన్యం వ్యాపారం, ఆయన తల్లి, ఆ ఇల్లు. కొన్నాళ్ళకి ముసలావిడకి మతి తప్పింది. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా నడుచుకుంటూ పోయి హైవే మీద లారీల మధ్య నిలబడింది. ఎవరో పుణ్యాత్ములు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపారు. అప్పట్నుంచి మావ కొట్టుకి వెళ్ళేటప్పుడు వరండా గ్రిల్లు తలుపుకి బయట తాళం వేసుకుని పోయేవాడు. లోపల అత్తా, వాళ్ళత్తా. భయపడ్డ మనిషి చేసిన పని, తప్పు పట్టను. తర్వాత ముసలావిడ కాలం చేసింది. తాళం మాత్రం పడుతూనే ఉంది. ఇదీ నా కోపం.

ఆ తాళానికి రెండు చెవులు. రెండూ మావ రింగుకే ఉండేవి. "రెండోది నా దగ్గరుంచండి" అని అత్త ఒకసారి అడిగింది. "పోగొడతావు" అన్నాడట, కసిరి కాదు, కూరలో ఉప్పు చాలదన్నంత మామూలుగా. అత్త మళ్ళీ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. "పగలగొట్టెయ్ అత్తా, సుత్తి నేను తెస్తాను" అనేదాన్ని.

"పగలగొడితే రేపు ఇంకా పెద్దది కొంటాడు. మీ మావ సేత్తో మీ మావే తియ్యాల" అనేది అత్త. ఇంకో రోజు కందిపప్పు ఏరుతూ అంది: "ఒసే, జొరమొస్తే ఆసుపత్రికి తీసుకెల్తాడు. పండక్కి సీర తెస్తాడు. అడిగితే తలుపూ తీస్తాడు. అడగాల గదే మరి!" ఆ చివరి ముక్క నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మావ విశాఖలో ఎవరో అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్ కారొకటి కొన్నాడు. ఒక ఎండాకాలం ఇద్దరూ బజారుకి వెళ్ళారు. మావ మందుల షాపు ముందు దిగి, అలవాటుగా రిమోట్ నొక్కి లోపలికి పోయాడు. అత్త కారులోనే ఉంది. ఉక్కపోస్తోందని తలుపు తీయబోతే పిడి లాగినా రాదు, అద్దం దిగదు. ఆ రకం కార్లకి బయట నుంచి లాకు వేస్తే లోపలి పిడి కూడా చచ్చిపోతుందట, దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టినా తలుపు తెరుచుకోకుండా. పక్కనే అరటిపళ్ళ బండావిడ అద్దానికి మొహం ఆనించి "తలుపు తీసుకోయేటమ్మా, ఉడికిపోతన్నావు!" అని అరుస్తోందట. అత్త లోపల నుంచి చేతులు ఊపుతోందట. మావ వచ్చి తీసేసరికి జాకెట్టంతా తడిసిపోయి ఉంది. మావ పాపం కంగారుపడి మజ్జిగ కొనిపెట్టాడు.

సర్వీసు సెంటర్లో అడిగితే, "కంపెనీ పెట్టినదే అంత మేడమ్, మార్చకూడదు" అన్నారు. "మార్చకూడదా, మార్చలేరా?" అని అత్త అడిగింది. కుర్చీలోని మనిషి తర్వాతి బండి వాళ్ళని పిలిచాడు.

అక్కడ మొదలైంది. ఇప్పటి కార్లలో లైట్లకీ తలుపులకీ అద్దాలకీ వెనకాల కంప్యూటర్లుంటాయని, మన కంటికి కనబడని సెట్టింగులు వాటిలో బోలెడుంటాయని, స్టీరింగు కింద ఉండే సాకెట్టులో కేబులు గుచ్చి, దానికి తగిన సాఫ్ట్‌వేరుంటే లాప్‌టాప్‌లో వాటిని చదవచ్చు, మార్చవచ్చని అత్త ఇంటర్నెట్లో తవ్వి తీసింది. నేను సంబరపడి, చవగ్గా దొరికిందని ఒక కేబులు తెప్పించి ఇచ్చాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేసింది. "దీనితో వచ్చిన సాఫ్ట్‌వేరు దొంగదే. సగంలో ఆగిపోయిందనుకో, కారు మంచాన పడతాది. అసలుది తెప్పించు." చేసేది లేక అసలుదే తెప్పించాను.

ఒక ఆదివారం, మావ ఇంట్లో ఉన్నప్పుడు, పని మొదలుపెట్టింది. నేనైతే గుచ్చి నొక్కేసేదాన్ని. అత్తకి అంత తొందరేది? బ్యాటరీకి చార్జరు తగిలించింది, మధ్యలో కరెంటు తగ్గకూడదని. ఏసీ, పాటలు, లైట్లు అన్నీ ఆపింది. ఉన్న సెట్టింగులన్నీ ముందు చదివించి దాచింది. "పాతది దాసుకోకుండా కొత్తది ముట్టుకోకూడదే. ఎనక్కి రాడానికి దారుండాల" అంది. డ్రైవరు పక్క అద్దం కిందికి దింపింది, తలుపులు బిగిసిపోతే అందులోంచి బయటపడడానికి. లోపలి పిడిని చంపే ఆ సెట్టింగు ఒక్కటంటే ఒక్కటే మార్చి, సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చదివి చూసుకుంది. తర్వాత లోపల కూర్చుని తలుపేసుకుని, రిమోట్ నా చేతికిచ్చింది.

"నొక్కు."

నొక్కాను. టక్‌మంది. అత్త లోపలి పిడి లాగింది, తలుపు తెరుచుకుంది. నేను గంతేశాను. అత్త మాత్రం మళ్ళీ తలుపేసుకుని అద్దం పైకెత్తేసింది.

"ఓలమ్మో, అద్దం ఎందుకే అత్తా?"

"అద్దం దించుకుని కూకుంటే అదేటి పరీచ్చ? నొక్కు."

భయంభయంగా నొక్కాను. టక్. అత్త పిడి లాగి, తలుపు తోసి, కాలు బయటపెట్టింది. తర్వాత నా వైపు చూసి నవ్వింది. అలాంటి నవ్వు ఆ మొహంలో అంతకుముందు నేను చూడలేదు. ఎందుకో ఏడుపొచ్చింది నాకు.

ఆ సాయంత్రం కొట్టుకి ఎవరో లోడు తెచ్చారని మావ బయల్దేరాడు. మేమిద్దరం లోపల టీ తాగుతున్నాం. వెళ్తూ వెళ్తూ గ్రిల్లుకి తాళం వేసేశాడు. టక్. నేను లేచి గ్రిల్లు దగ్గరికి పరిగెత్తి "మావా! మావా!" అని కేకలు పెట్టాను. స్కూటరు చప్పుడులో ఆయనకేం వినబడుతుంది! అత్త కప్పు కింద పెట్టకుండానే అంది: "కూకోవే. దీనికి కేబులు నేదు."

చుట్టుపక్కల వాళ్ళకి ఈ సంగతి తెలిసి కార్లు రావడం మొదలైంది. తమాషా ఏమిటంటే, చెప్పి తిప్పింది మావే. కొట్టు దగ్గర కూర్చుని "మా ఇంటిది కార్ల డాట్రు" అని గొప్పగా చెప్పేవాడు. అలా చెప్పిన మనిషే పొద్దున్న తాళం వేసుకుని వెళ్ళేవాడు. ఆ రెండిటికీ ఆయన బుర్రలో పొత్తే కుదరలేదు. మరి పని ఎలా? అత్త వరండాలో గ్రిల్లు పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకునేది. కారు గ్రిల్లుకి ఆనించినట్టు ఆపమనేది. పొడుగాటి కేబులు గ్రిల్లు సందులోంచి బయటికి వదిలేది. కారు వాళ్ళే దాన్ని అందుకుని స్టీరింగు కింద గుచ్చాలి. ఇనప చువ్వల వెనక నుంచి అత్త చెబుతూ ఉండేది: "కీ తిప్పండి, స్టార్టు సెయ్యొద్దు. లైటాపండి. అద్దం దింపినారా? దింపి సెప్పండి."

తీరం నుంచి చేపలమ్మే ఒకావిడ వ్యాను వేసుకుని వచ్చింది. చీకటుండగానే పెట్టెలు దింపుకోవాలి, వెనక తలుపు తీసి ఉంచితే కాసేపటికి లోపలి లైటు ఆరిపోతోంది. అత్త ఆ లైటు ఇంకాస్త ఎక్కువసేపు వెలిగేలా మార్చింది. ఆవిడ చువ్వల్లోంచి చేపల సంచీ అందిస్తూ ఉండబట్టలేక అడిగేసింది: "అన్ని తలుపులూ తీసేస్తన్నావు గానీ, నువ్వు బయటికి రావేటే తల్లీ?" అత్త లాప్‌టాప్ మూసి, "సేపలు బాగున్నాయమ్మా" అంది.

అడిగినవన్నీ చేసేది కాదు. ఒక కుర్రాడొచ్చి సీటు బెల్టు కూత ఆపేయమన్నాడు. "నీ సెవికి బాధగా ఉంటే బెల్టు పెట్టుకో బాబూ, అదే ఆగుతాది" అంది. బతిమాలాడు. ఇంకో చోటైతే చిటికెలో చేస్తారన్నాడు. "అది కూస్తన్నాది నీ పేణం కోసం. బెల్టు, బ్రేకు, ఎయిర్‌బ్యాగు... వాటి జోలికి నేనెల్లను" అని కేబులు లోపలికి లాగేసుకుంది. అత్త గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే.

ఆదివారాలు మావ ఉన్నప్పుడు అత్త కారు నేర్చుకుంది, పెరట్లోనే. గేటు దాకా ముందుకి, నుయ్యి దాకా వెనక్కి. ఎంత ఒద్దికగా తిప్పేదో! గేటు దాటనివ్వడానికి మావకి భయం, హైవే కదా. "భోగాపురం దాకా నేనే నడుపుకుంటా ఎల్లి ఆ కొత్త ఎయిర్‌పోర్టు సూడాలే" అనేది. "ఇమానం ఎక్కడానికి కాదే, ఎల్లి రాడానికి." అదేమంత దూరం! రోజూ వేలమంది వెళ్ళే దారి. అత్త వెళ్ళలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తోంది.

కొత్త పని ఏది ఎత్తుకున్నా ముందు పాతది దాచుకుంటాను. ఒక్కటే మారుస్తాను. వెనక్కి దారుందా అని చూసుకుంటాను. తర్వాత భయపడను. ఇది నాకు అత్త పెట్టిన భిక్ష.

చిన్నకర్మ ముందు రోజు. చుట్టాలంతా రేపొస్తామని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. సామాన్లకి బజారుకెళ్తున్నానని చెబితే, మావ లోపలి నుంచి రింగు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కాసేపు నడుం వాలస్తానమ్మా. వచ్చీపోయీవోలు ఆగట్లేదు. బయట తాళమేసి ఎల్లు" అన్నాడు. రింగుకి రెండు చెవులూ ఉన్నాయి. ఆయన చెప్పినట్టే గ్రిల్లు మూసి, తాళం వేశాను. టక్‌మంది. అత్త కారు తీసుకుని వెళ్ళిపోయాను.

సామాన్లతో తిరిగొచ్చేసరికి మావ పడుకుని లేడు. వరండాలో అత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కేబులు ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని ఒక చువ్వకి రంగు పోయి ఇనుము తేలింది. దాన్ని వేలితో తడుముతున్నాడు.

"ఇంత గట్టిగా ఇనపడతాదేటమ్మా... లోపలికి?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"తాళం సప్పుడు. నాను ఎప్పుడూ బయటే ఉన్నాను గదా. తెలీనేదు" అన్నాడు. "పోగొడతావన్నాను దాన్ని. ఒకపాలే అడిగింది."

ఓదార్చాలని తెలుసు. ఓదార్చలేదు. తాళం తీసి, గ్రిల్లు బార్లా తెరిచి, సామాన్లు లోపల పెట్టాను. ఆయన లేచి బయటికొచ్చి, నా చేతిలోంచి తాళం తీసుకుని నూతి దాకా నడిచాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను.

ఇప్పుడా గ్రిల్లుకి తాళం లేదు, తలుపు గాలికి కదులుతూ ఉంటుంది. అత్త ఆఖరిసారి ఎవరి కారుకో వదిలిన కేబులు అలాగే ఉంది, మావ ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఒక కొస లోపల కుర్చీ మీద ఉంది. రెండోది ఆ చువ్వ పక్కనుంచి వచ్చి బయట వేలాడుతోంది.