పాత గాయానికి పట్టని మంత్రం

మా బావగారు పోయారని అక్కావాళ్ల పక్కింటి నర్సుగారు ఫోన్ చేసినప్పుడు నేను బందరులో, కాలేజీ స్టాఫ్‌రూములో ఉన్నాను. పెడనలో వాళ్ల అద్దకం షెడ్డులో, ఉడుకుతున్న రంగు బాన పక్కనే కూలబడిపోయారట. "అక్కగారు ఏడవటం లేదండీ. మీరు తొందరగా రండి," అందావిడ. పోయినవాళ్ల గురించి నాలుగు మంచిమాటలు రాయడం మర్యాద. ఆయన విషయంలో ఏది మంచిమాటో నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్కా బావగారూ ఇద్దరూ కలంకారీ అద్దేవాళ్లు. పక్షవాతంతో అక్క కుడిచెయ్యి వాలిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన కొత్తల్లో నేను అన్నం కలిపి ముద్ద పెట్టబోతే బావగారు కంచం లాగేసుకున్నారు.

"ఎడంచెయ్యి ఉందిగా. తింటుంది."

చూడవచ్చిన చుట్టాల ముందే మెతుకులు చీరంతా రాలాయి. ఆయన సాయం చెయ్యలేదు. అలాగని లేచీ పోలేదు. ఆవిడ తినడం పూర్తయ్యేదాకా ఎంగిలిచెయ్యి ఎండిపోతున్నా ఎదురుగా కూర్చునే ఉన్నారు.

తరవాత అక్క ఎడంచేత్తో అచ్చు పట్టుకుని ఒక గళ్ల దుప్పటి అద్దింది. గళ్లన్నీ వంకర. "ఇది బయటికి పంపను," అన్నారాయన పనివాళ్లందరి ముందూ. ఆ దుప్పటే ఆదివారాల్లో మా ఆటకి పటమయింది.

ఆ ఆట అద్దకం నేర్చుకోవడానికి వచ్చిన డిజైను విద్యార్థులు నేర్పి వెళ్లినది. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రవుతాం. ఒకరు కథ నడిపిస్తారు, చావుబతుకులు పాచికలు తేలుస్తాయి. నడిపించేది ఎప్పుడూ బావగారే. నర్సుగారు చర్చి నుంచి తిన్నగా వచ్చి బందిపోటు అయ్యేవారు. "ప్రభువు క్షమిస్తాడులెండి, ముందు వీడి పీక కొయ్యనివ్వండి," అనేవారు. నాది వైద్యురాలి పాత్ర. అక్క విలుకత్తెనవుతానంది.

"ఒంటిచేత్తో విల్లెలా ఎక్కుపెడతావే?" అన్నారు బావగారు. "యుద్ధంలో కుడిచెయ్యి పోయింది నీకు. సరేనా?"

అక్క సరేనంది. ఆ విలుకత్తె చాన్నాళ్లు మా వెనక అమ్ములు మోసుకుంటూ నడిచింది.

ఒక ఆదివారం కోటలో మాకు ఉంగరం దొరికింది. అది వేలికున్నంతకాలం ఆగకుండా వైద్యం చేస్తుంది. వంతు వచ్చినప్పుడల్లా కోల్పోయిన ప్రాణంలో కాస్త వెనక్కి వస్తుంది. నేను దాన్ని అక్కకిచ్చాను. వంతు వచ్చింది. అక్క బావగారి మొహంలోకి చూసింది.

"చెయ్యి రాదు," అన్నారాయన.

"అదేంటి బావగారూ? ఆగని వైద్యమన్నారుగా!"

"ఏం మరదలా, డాక్టరేటు చేశావు, ఇంత చిన్న రూలు తెలీదా? ఉంగరం తొడిగాక తగిలిన దెబ్బలే మానతాయి. అంతకుముందు పోయినవాటిని అది ఎరగదు. పటిక అద్దిన చోటే ఎరుపు పడుతుంది. అద్దని చోట రోజంతా ఉడకబెట్టినా తెల్లగుడ్డే."

"మరీ అంత రాయిలా ఉంటే ఎలాగండీ?" అన్నారు నర్సుగారు.

అక్క మెల్లిగా అంది: "ఏవండీ, ఆటేగా. ఒక్క బాణం వేసి ఇచ్చేస్తాను."

"ఇస్తే, ఆటయ్యాక మళ్లీ లాక్కోవలసింది నేనే," అని ఆయన పాచికలు నర్సుగారి వైపు తోసేశారు.

ఆ తరవాత కొన్ని వారాలు నేను పెడన వెళ్లలేదు. కట్టుకున్న మనిషికి ఉత్తుత్తి చెయ్యి కూడా ఇవ్వలేనివాడితో ఏం ఆడతాం అనుకున్నాను. అక్క మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు. భయపడి కూర్చుందో, ఇష్టపడి కూర్చుందో అడగలేకపోయాను. తనకి మళ్లీ నడవడం నేర్పింది ఆయనేనని ఒకసారి అంది. కాలు పడిపోలేదుగా నీకు, అన్నాను. "అదే చెప్తున్నా. ఆ నడక కాదు," అంది.

కర్మ అయ్యాక వచ్చిన ఆదివారం పాచికలు అక్కే తీసింది. "నువ్వు నడిపించవే," అంది. ఆయన కుర్చీలో కూర్చోబుద్ధి కాక నిలబడే నడిపించాను. అక్క వంతు రాగానే, రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాట అనేశాను.

"ఇవాళ్టి నుంచి ఆ ఉంగరం పాత గాయాలు కూడా మానుస్తుంది. నీ చెయ్యి వచ్చిందక్కా."

నర్సుగారు చప్పట్లు కొట్టారు. "లాగండి అక్కగారూ! ఆ బురుజు మీదవాడి గుండెల్లోకి వెయ్యండి!"

అక్క పాచికలు పక్కకి జరిపింది.

"తాడు లాగేటప్పుడు," అంది, "ముందు ఏ వేలు ముడుచుకుంటుందే?"

నేను నా చెయ్యి చూసుకున్నాను. అక్క కుడిచేతిని ఎత్తి బల్లమీద పెట్టుకుని, ఎడంచేత్తో చూపుడువేలు ముడిచింది. తరవాత మధ్యవేలు. వదలగానే ప్రతి వేలూ మళ్లీ విచ్చుకుంటోంది. మళ్లీ ముడుస్తోంది.