రుసుము పెంచిన శుక్రవారం

ఈ రోజు అల్ హైల్ ఆరోగ్యకేంద్రంలో మా పాపకు టీకా వేయించాను. నర్సు స్పిరిట్ దూదితో చెయ్యి తుడవగానే ఆ చల్లని ఘాటు వాసనకు సుగుణక్క గుర్తొచ్చింది. ఇక్కడే ఒమన్‌లో, సమాయిల్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, రెండేళ్ల క్రితం నర్సాపురం వెళ్లిపోయింది. డ్యూటీ దిగి ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆమె చేతుల్ని ఆ వాసన వదిలేది కాదు. పాప నిద్రపోయాక ఆ చేతుల గురించి రాయాలనిపించింది.

మస్కట్‌లోని మా తెలుగు సంఘంలో ఒక నియమం ఉండేది. సభ్యులెవరైనా రెండు రియాళ్లు కట్టి ప్రతిపాదన ఇస్తే, దాన్ని సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టి తీరాలి. భార్యకూ భర్తకూ చెరొక ఓటు. అలవాటు మాత్రం వేరు. ముందు వరుసల్లో మగవాళ్లు చేతులెత్తేవారు, వెనక మేము పిల్లలకు అన్నాలు పెట్టేవాళ్లం. చంటిపిల్లల తల్లులు హాల్లోనే ఉండేవారు కాదు. పాలివ్వడానికి చోటు లేక, పార్కింగులో కారు ఏసీ వేసుకుని కూర్చునేవారు. మా పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒక శుక్రవారం సుగుణక్క వచ్చి నా కారు అద్దం తట్టింది.

"ఏంటమ్మాయ్, మీటింగు లోపలైతే నువ్విక్కడ కూర్చున్నావ్?"

"పాలివ్వాలక్కా. లోపల చోటెక్కడుంది?"

"తల్లులకో గది ఉన్న హాలు తీసుకోమని ప్రతిపాదన పెట్టు."

"నేనా? మా ఆయన ఏమంటారో."

"పాలిచ్చేది ఆయనా ఏంటి?"

నవ్వేశాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. రెండు రియాళ్లు ఇంటి ఖర్చులోంచి నేనే సర్దుకోగలను. ఇంతలో కార్యవర్గమే ఒక తీర్మానం తెచ్చింది: ప్రతిపాదన రుసుము యాభై రియాళ్లకు పెంచాలని. సంఘం అధ్యక్షుడు అల్ ఖువైర్ ఆఫీసులో మా ఆయనకు పైఅధికారి. యాభై కావాలంటే మా ఆయన్ని అడగాలి, ఆయన ఇస్తే పైఅధికారికి ఎదురు నిలిచినట్టే. రుసుము పెరిగితే ఆ గది మాట నా నోట్లోనే ఉండిపోతుందని నాకు తెలుసు.

ఆ సమావేశం రోజు పాపకు ముందే పాలిచ్చి, ఎత్తుకుని హాల్లో వెనక కూర్చున్నాను. అధ్యక్షుడు నవ్వుతూనే మాట్లాడాడు. "పులిహోరా, బిర్యానీయా అని ఓటింగు పెట్టిన సంఘం లోకంలో మనదొక్కటే! పూటంతా దానికే పోయింది. రుసుము పెంచితే అవసరమైనవే వస్తాయి." అందరూ నవ్వారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. వెనకనుంచి సైట్‌లో పనిచేసే ఒక నిజామాబాద్ ఆయన లేచాడు. "సార్, యాభై రియాళ్లంటే మాకు నెల తిండి. మమ్మల్ని అడగొద్దంటే అడగొద్దని చెప్పుండ్రి. గింత తిప్పుడెందుకు?" ఈసారి ఎవరూ నవ్వలేదు.

వ్యతిరేకించేవారిని చేతులెత్తమన్నారు. పాప నా రెండు చేతుల్లో ఉంది. అది నాకు మంచి సాకే. పక్కనున్న సుగుణక్క నా మొహం వైపు చూడలేదు, బతిమాలలేదు.

"బిడ్డనిలా తే," అంది.

ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యాయి. ఒకటి పైకి లేచింది. ముందు వరుసలోంచి మా ఆయన వెనక్కి తిరిగి చూశారు.

తీర్మానం తేలిగ్గానే నెగ్గింది. పార్కింగులో నేను ఏడుపు ఆపుకుంటుంటే సుగుణక్క పాపను అందిస్తూ, "ఓడిపోతే చెయ్యేమన్నా ఊడిపోయిందా?" అంది.

కారులో మా ఆయన ఒక్కటే మాటన్నారు: "సార్ చూశారు." ఉద్యోగం, వీసా అనుకుంటూ వారాల తరబడి భయపడ్డాను. చివరికి ఆ సార్ అడిగింది ఇంతే: "మీ ఆవిడకి రుసుముతో ఏం పనయ్యా?" ఆ ప్రశ్న మా ఆయన ఇంటికి తెచ్చారు. అప్పుడే మొదటిసారి ఆయనకు పార్కింగు సంగతంతా చెప్పాను.

తర్వాత ప్రతిపాదనలు రావడం ఆగిపోయింది. సమావేశాలు భోజనాల వేళకు ముందే ముగుస్తున్నాయి. సంఘం బాగా నడుస్తోందని అందరూ అంటారు. చంటిపిల్లల తల్లులు ఇప్పటికీ కార్లలోనే ఉంటారు. ఈ ఏడాది వాళ్లూ నేనూ కలిసి యాభై రియాళ్లు కూడబెట్టాం. సగం మా ఆయనే ఇచ్చారు. ప్రతిపాదన నా పేరు మీద ఉంది, వచ్చే శుక్రవారం ఓటింగు.

నెగ్గుతుందో లేదో తెలియదు. రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు. మా పాపకు ఇక ఆ గదితో పనిలేదు, తన కాళ్ల మీద తనే నిలబడుతుంది. ఓటుకు నాకు ఒక చెయ్యి చాలు. పక్కన కూర్చునే తల్లి బిడ్డను రెండో చేత్తో ఎత్తుకోగలను.