మామిడి చెట్టుకు అప్పజెప్పిన పురుగులు

తొలకరి చినుకు పడిందంటే, గుణదలలో మా వరండా లైటు కిందికి ఆ సాయంత్రమే ఒక పెంకు పురుగు వచ్చి వాలేది. బొటనవేలి కన్నా పొడుగు. బూడిద రంగు ఒంటి మీద నారింజ మచ్చలు, ఒంటికన్నా పొడుగు మీసాలు. చేత్తో పట్టుకుంటే కీచుకీచుమనేది.

మా ఆయన చెప్పు తీస్తే మా అత్తగారు అడ్డం పడేది.

"దీపం చూసుకుని వచ్చినదాన్ని కొడతావట్రా? రేపు ప్రభువు దగ్గరికి మనం ఏ మొహం పెట్టుకుని పోతాం?"

దాన్ని చేటలోకి ఎక్కించుకుని, పెరట్లో మామిడి చెట్టు దాకా నడిచి, బెరడు మీద వదిలి, "ఇక్కడ చల్లగా ఉండు తల్లీ" అనేది. మా అమ్మాయి, "నాయనమ్మ చుట్టాలొచ్చారు, కాఫీ పెట్టమ్మా" అని ఆటపట్టించేది. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఈ మీసాల పురుగులు అరచెయ్యంత ఉంటాయని ఫోనులో చూపిస్తే, "అయితే చేట చాలదే, బుట్ట కావాలి" అంది ఆవిడ.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. నేను కాపురానికి రాకముందే మా ఆడపడుచు చిన్నపిల్లగా ఉండగానే జ్వరంతో పోయింది. ఆ జ్వరంలో దాని నోటికి సయించింది ఒక్క రసం మామిడిపండే. ఆ టెంకనే అత్తగారు పెరట్లో పాతింది. మొలిచిన చెట్టుని 'పిల్ల' అనేది. "పిల్ల పూతకొచ్చింది", "పిల్లకి నీళ్లు పోశావా అమ్మాయ్?" అంటుంటే మాకెవరికీ నవ్వొచ్చేది కాదు. గుణదల మాత తిరునాళ్లకి వచ్చిన చుట్టాలకి ఆ నీడలోనే చాపలు వేసేవాళ్లం.

పోయినేడు ఒక పక్క కొమ్మలు ఎండాయి. చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలింది, బెరడు సందుల్లో జిగురు కారింది. ఆవిడ పేడ పూసింది, మాత కొండ నుంచి తెచ్చిన నీళ్లు పోసింది. పిల్ల తేరుకోలేదు. చెట్టు ఇంటి మీదికి వాలేసరికి కొట్టించక తప్పలేదు.

కోతమిషనుతో వచ్చినాయన మొద్దు చీల్చాడు. లోపలంతా సొరంగాలు. వేలంత లావు తెల్ల పురుగులు, వాటి మధ్య రెక్కలు వచ్చినదొకటి. దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇదేనమ్మా తిన్నది. తల్లి పురుగు బెరడులో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలే తొలుచుకుంటూ పెరుగుతాయి."

అత్తగారు అక్కడే కుర్చీలో ఉంది.

"అది వేరే పురుగులెండి అత్తయ్యా" అన్నాను.

"ఆ మీసాలు నాకు తెలియవా అమ్మాయ్" అంది. కాసేపటికి, "ఈ చేతుల్తోనే తీసుకెళ్లి దాని ఒంటి మీద పెట్టాను" అంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. మేమూ బతిమాలలేకపోయాం.

ఈ ఏడు తొలకరి పడిన సాయంత్రం మళ్లీ వచ్చిందది. మా ఆయన చెప్పు తీసి తల్లి మొహం చూశాడు. ఆవిడ కొట్టమనలేదు, వద్దనలేదు.

"లైటు తీసెయ్యరా" అంది.

అప్పట్నుంచీ వాన పట్టిన సాయంత్రాల్లో మా వరండాలో లైటు వెయ్యడం లేదు. చేట అటక మీద ఉంది. చీకట్లో రెక్కల చప్పుడైతే అత్తగారు కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని, రెండు చేతులూ చీర కొంగులో దాచుకుంటుంది.