తెలుపు తర్వాత ఏ రంగు?

నిజాం రాజ్యం పడిపోయిన కథ మీరు చాలామంది నోట విని ఉంటారు. అదే రోజుల్లో సికింద్రాబాదులోని ఒక ఆసుపత్రిని, ఏ సైన్యం సాయమూ లేకుండా, నేనొక్కణ్ణే చీకట్లో ముంచిన కథ మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని నేనే చెబుతున్నాను. కుర్చీ గట్టిగా పట్టుకోండి. ఇందులో ఒక పెద్దమనిషి ప్రాణం గొంతులోకి వస్తుంది, అదీ మాటవరసకు కాదు.

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. ఆ ఆసుపత్రిలో పరికరాల మిస్త్రీని. కత్తెరలకు పదును పెట్టడం, స్టవ్వుల పిన్నులు మార్చడం లాంటివి ఎన్ని చేసినా, నా అసలు కొలువు ఒక గొట్టానికి. రోగి గొంతులోంచి అన్నవాహికలోకి దించి, అక్కడ ఇరుక్కున్నది చూసి తీసే గొట్టం అది. మూరెడు పొడవు, వేలెడు లావు, వంగడం ఎరగని బోలు లోహం. దాని గోడలోనే సన్నటి దారి ఉండేది. ఆ దారిలో దబ్బనం లాంటి కడ్డీ దూరేది. కడ్డీ కొసన ఆవగింజంత బల్బు. బ్యాటరీ పెట్టెకు తీగలు తగిలించి మీట తిప్పితే మనిషి లోపల తెల్లవారేది.

వాడిన ప్రతిసారీ దాన్ని కడిగి, ఆ సన్నటి దారిలో తేమ లేకుండా తీగకు దూది చుట్టి తుడిచి, కడ్డీ వంగితే గాజుపలక మీద దొర్లించి సరిచేసేవాణ్ణి. నేను ఆ గొట్టానికి చేసిన సేవ మా పాస్టరుగారు ప్రభు బల్ల గిన్నెకైనా చేసి ఉండరు.

మా డాక్టరు అన్వర్ సాబ్ నల్లగొండ వైపు ముసల్మాను, మాట తక్కువ మనిషి. నాకు ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. "మీట తిప్పితే ముందు ఎర్రగైతది, తర్వాత పస్పుగైతది, ఆఖరుకు తెల్లగైతది. తెల్లగైనంక ఆగు, దానేలూ. ఆడికెల్లి జెరంత సుత తిప్పకు."

ఎరుపు, పసుపు, తెలుపు. ఈ మూడు మాటలు నాకు సాంకేతిక సూచనగా వినపడి ఉంటే ఈ కథే లేదు. కాని నేను ఆదివారపు బడిలో పెరిగినవాణ్ణి. నాకు లోకంలో ప్రతి వస్తువూ ప్రసంగంగానే కనిపించేది. తలుపు గడియ చూస్తే రక్షణ, చీపురు చూస్తే పశ్చాత్తాపం. ఇక దేవుడు నా చేతికి మూడు రంగుల దీపమే ఇస్తే వదులుతానా?

అప్పటికే రాజ్యం చుట్టూ దారులు మూసుకుపోయి సరుకు రావడం తగ్గింది. బల్బుల డబ్బాలో మిగిలింది ఒక్కటే. అది గొట్టంలో ఉంది. ఆ వారం మెట్టుగూడలో ఇంటి ప్రార్థన, వాక్యం చెప్పే వంతు నాది. ఊరంతా భయంతో ఉన్న రోజులు. చీకట్లో వెలుగు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి అదను ఎప్పుడొస్తుంది? గొట్టం పెట్టె తువ్వాలులో చుట్టి, సైకిలుకు కట్టుకుని బయలుదేరాను. దారిలో నా మనస్సాక్షి అడిగితే, పరీక్షించడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను. పాపం, అది నమ్మింది.

ప్రార్థన జరిగింది గార్డు తాతగారి ఇంట్లో. రైల్వేలో గార్డుగా రిటైరైన సంఘపెద్ద ఆయన. లాంతరు తగ్గించమన్నాను. మీట తిప్పాను. ఎరుపు వచ్చింది, పాపం గురించి చెప్పాను. పసుపు వచ్చింది, శ్రమల కొలిమి గురించి చెప్పాను. తెలుపు వచ్చింది, పరిశుద్ధత గురించి చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ ఆమెన్ అని ఉంటే నేను ఆ రాత్రి ప్రవక్తనై ఇంటికి వెళ్ళేవాణ్ణి.

గార్డు తాతగారు గొంతు సవరించుకున్నారు.

"దానియేలూ, ఒక్క మాట. ఉద్యోగమంతా రైలు వెనక పెట్టెలో నిలబడి దీపం ఊపినవాణ్ణి. ఎరుపంటే ఆగడం. ఆకుపచ్చ పడితేనే బండి కదిలేది. నీ దీపంలో ఆకుపచ్చ ఏది నాయనా?"

"మీరూరుకోండి. వాక్యం చెబుతుంటే సిగ్నళ్ళేమిటి?" అని ఆయన భార్య కసిరింది.

"నేనడిగేదీ వాక్యమే. బండి తెల్లదీపం దగ్గరే నిలిచిపోతే పరలోకం చేరేదెప్పుడు?"

అందరూ నా వైపు చూశారు. తెలియదు అనే మాట బోధకుడి నోట రావడం, ఒంటె సూది బెజ్జంలో దూరడం, రెండూ ఒకటే. "తెలుపు తర్వాత మహిమ, తాతగారూ, చూడండి" అని మీట తిప్పాను.

నిజంగానే మహిమ వచ్చింది. ఆవగింజ నీలంగా, మెరుపులా వెలిగింది. "స్తోత్రం" అన్నారు అంతా. ఆ మాట పూర్తికాకముందే చీకటైపోయింది.

చీకట్లోంచి తాతగారి గొంతు వినిపించింది. "బండి వెళ్ళిపోయినట్టుందే."

బోధకుడికి చెలగాటం, బల్బుకు ప్రాణసంకటం. కొత్త బల్బు కోసం బొంబాయికి ఉత్తరం రాశాను, కాని ఉత్తరాలు కదిలే రోజులా అవి? డాక్టరుగారికి చెప్పే ధైర్యం లేక, రోజూ పొద్దున ఆ గుడ్డి గొట్టాన్నే తుడిచి పెట్టెలో పెట్టేవాణ్ణి. సికింద్రాబాదు ప్రజలందరూ మెత్తగా నమిలి తినేలా చూడమని మోకాళ్ళ మీద ప్రార్థించేవాణ్ణి. రాజ్యాల కోసం అందరూ ప్రార్థిస్తున్న వేళ, దేవుడికి ఆ విన్నపం వింతగా ఉండి ఉంటుంది.

పోలీసు చర్య మొదలైంది. ఒక పొద్దున మెట్టుగూడ మీదుగా విమానం పోయింది. గార్డు తాతగారు చాయ్ తాగుతూ నోరు తెరిచి పైకి చూశారట. ఆయనకు తీగ కొక్కేలతో బిగించుకునే కట్టుడుపళ్ళు రెండుండేవి. విమానం వెళ్ళిపోయింది, పళ్ళూ వెళ్ళిపోయాయి.

ఇరుగుపొరుగు ఆయన్ను తోపుడుబండి మీద తీసుకొచ్చారు. ఉమ్మి కూడా మింగలేక గిన్నె పట్టుకుని కూర్చున్నారు. అన్వర్ సాబ్ ఇంట్లోవాళ్ళు గడప దాటొద్దని బతిమాలినా, నిర్మానుష్యమైన వీధుల్లో నడిచి డ్యూటీకి వచ్చారు. ఆయన తాతగారి మెడ తడిమి చూశారు. కొక్కేలు అన్నవాహిక గోడకు గుచ్చుకున్నాయని, ఇవాళే తీయకపోతే లోపల చీరుకుపోతుందని, అప్పుడిక చేసేదేమీ ఉండదని మెల్లగా చెప్పారు. తాతగారి భార్య నా చెయ్యి పట్టుకుంది.

"గొట్టం తే, దానేలూ."

"గొట్టం ఉంది, సాబ్. వెలుగు లేదు."

"ఎందుకు లేదు?"

ఎరుపు, పసుపు, తెలుపు, మహిమ, అన్నీ చెప్పాను. మాట రాని తాతగారు తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుని, గాల్లో దీపం ఊపినట్టు చెయ్యి ఊపారు. నేరంలో తన వాటా ఆయన ఒప్పుకున్నారు.

అన్వర్ సాబ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నీ సంగతి తర్వాత చూస్తా" అని వరండాలోకి నడిచి ఆకాశం చూశారు. ముసురు కొంచెం విచ్చి ఎండ పడుతోంది. "బల్బులు రాకముందు మా ఉస్తాదులు ఎట్ల చూసిండ్రనుకున్నవ్? పెద్ద అద్దం తే."

నర్సుల గదిలోంచి నిలువుటద్దం పీకి తెచ్చాను. తాతగారిని వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, గొంతు మొద్దుబారే మందు కొట్టి, సిస్టరు ఆయన తల వెనక్కి వంచి పట్టుకుంది. నేను పెరట్లో నిలబడి అద్దంతో ఎండను పట్టి డాక్టరుగారి నుదుటి మీది చిన్న అద్దానికి పంపాలి. ఆయన దాన్ని గొట్టంలోకి దించాలి. నా చేతిలో ఇప్పుడున్నది ఆవగింజ కాదు, సాక్షాత్తూ సూర్యుడు.

గొట్టం దిగింది. అప్పుడే ఒక మబ్బు వచ్చింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే గదా, ప్రార్థన మొదలుపెట్టాను. పూర్వం యుద్ధం మధ్యలో సూర్యుణ్ణి ఆపిన దేవా, ఇప్పుడూ ఆపు అన్నాను. మబ్బు తొలగిందని కనురెప్పల మీద వెచ్చదనం చెప్పింది.

"దానేలూ, ఏడున్నవ్?"

"ప్రార్థనలో ఉన్నాను, సాబ్."

"కండ్లు తెర్సి దువా చెయ్యి. నీ సూర్యుడు గోడెక్కిండు."

చూస్తే ఎండ సిస్టరు తల మీదుగా పోయి గోడ మీది బల్లిని చూపిస్తోంది. కళ్ళు మూసుకోవడంలో అద్దం వంగిపోయింది. ఆ రోజు జీవితంలో మొదటిసారి కళ్ళు తెరిచి ప్రార్థించాను. సూర్యుడు ఆగలేదు. ఆయన జరిగిన కొద్దీ నేనే వెంట్రుకవాసి చొప్పున జరిగాను. అద్దం ఊగకుండా గుండెకు ఆనించి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. సన్నటి పట్టకారుతో పాటు గొట్టం బయటికి వచ్చింది. దాని కొసన రెండు పళ్ళు, ప్రపంచాన్ని చూసి నవ్వుతున్నట్టు.

కొక్కెం గీరిన చోటును మళ్ళీ చూడాలని డాక్టరుగారు గొట్టం దించారు. చూసి, తృప్తిగా తలూపి, నన్ను పిలిచి అద్దం సిస్టరుకు ఇమ్మన్నారు.

"ఇన్నేండ్లు తుడ్సినవ్. ఎన్నడన్న లోపలికి చూసినవా?"

చూడలేదు. వంగి కన్ను పెట్టాను.

చదువరులారా, ఇక్కడ నాకు హాస్యం చేతకాదు. తడిగా మెరిసే ఎర్రటి దారి, ఊపిరి పీల్చినప్పుడు విచ్చుకుని, వదిలినప్పుడు ముడుచుకుంటోంది. ఆ దారిలో ఒక పక్క గోడ కొట్టుకుంటోంది. అవతల గుండె ఉందని డాక్టరుగారు నా చెవిలో అన్నారు. హృదయం మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఎవరూ చూడని చీకట్లో, ఎవరి మెప్పూ కోరకుండా, అది తన పని చేసుకుపోవడం అప్పుడే చూశాను. నా వెనక అన్వర్ సాబ్ "సుభానల్లా" అన్నారు. నేను "ఆమెన్" అన్నాను. ఇద్దరం చెప్పింది ఒకటేనని ఆ గోడకు తెలుసు.

ఊరు కుదుటపడ్డాక గుడిలో గార్డు తాతగారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. నా పేరు వస్తుందని తెలిసి నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆయన దేవుడికి, డాక్టరుగారికి వందనాలు చెప్పి, వేలు పెట్టి నన్నే చూపించారు.

"ఈ దానియేలు బల్బు మాడ్చకపోతే, ఆ గుడ్డి దీపంతోనే నా పళ్ళు తీసేసేవాళ్ళు. ఇవాళ మీలో పాస్టరుగారితో సహా ఎవరి కడుపులోకైనా సూర్యుడు దిగాడా? నా కడుపులోకి దిగాడు." అని గర్వంగా చుట్టూ చూసి కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన్ను సంఘంలో పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఆ రోజే దేవుని ఎదుట, సంఘం ఎదుట ప్రమాణం చేశాను. నేను బతికి ఉండగా ఆసుపత్రి వస్తువేదీ ప్రసంగానికి పట్టుకెళ్ళను. ఉప్పు మీద చెబుతాను, పిచ్చుక మీద చెబుతాను, తప్పిపోయిన గొర్రె మీద చెబుతాను. అవి పాడైతే బొంబాయికి రాయనక్కరలేదు.