ఓడితే వచ్చే సెలవు

లంజిపల్లి మలుపులోని కిరాణా కొట్టులో అప్పడాల కట్ట విప్పినప్పుడల్లా, స్కూటర్ల పొగనీ డీజిలు కంపునీ తోసుకుంటూ ఇంగువ వాసన నా ముక్కు దాకా వస్తుంది. కొనడానికి వెళ్ళింది సబ్బుబిళ్ళే అయినా కాసేపు అక్కడే నిలబడిపోతాను. కొట్టువాడు నన్ను మతిమరుపు మనిషి కింద జమకట్టేశాడు. నిజానికి మరుపు రాకపోవడమే నా జబ్బు.

మా చిన్నప్పుడు ఇదే బరంపురంలో మా డాబా మీద వేసవి అంతా అప్పడాలే ఉండేవి. మా మేనత్త కుటుంబమూ మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. తెల్లారకముందే అత్త నూనె చేతులతో మినప్పిండి సాగదీసి, రోకలితో దంచి, అమ్మతో కలిసి అప్పడాలు ఒత్తి, పాత చీరల మీద వరసగా పరిచి, కాకుల కాపలాకి నన్నూ వాళ్ళబ్బాయి జగ్గు బావనీ కూర్చోబెట్టేది. అప్పడాల మధ్య కాలు పెట్టడానికి వీల్లేదు, రాయి విసరడానికి అంతకన్నా వీల్లేదు. అందుకని బావ విరిగిన గొడుగు కర్రని తలకిందులుగా పట్టుకుని, దాని వంపుతో సరుగుడు కాయల్ని కొట్టేవాడు. కాయ అప్పడాలన్నిటి మీదుగా ఎగిరి, అవతల పిట్టగోడ మీద సరిగ్గా కాకి పక్కన పడేది. నేను కొడితే కాకులు కదిలేవి కావు, అప్పడాలు కదిలేవి. విరిగినవాటిని పచ్చివే తినేసేదాన్ని గనక ఆ ఆటలో లాభపడింది నేనేనేమో!

మావయ్యకి గోపాల్‌పూర్ సముద్రం పక్కన గోల్ఫ్ మైదానంలో గడ్డి బాగోగులు చూసే ఉద్యోగం. అది గుంటల ఆట అని ఆయన చెబితే, మా వైపు పిల్లల్ని గుంటలంటారు కాబట్టి అది మన ఆటేనని మేం తీర్మానించుకున్నాం. ఆదివారాలు ఆయన వెంట వెళ్ళి, ఉప్పుగాలికి పెదాలు పగులుతుంటే, సరుగుడు నీడలో చద్దన్నమూ మాగాయా తినేవాళ్ళం. ఒకరోజు అక్కడ ఆడుతున్న పెద్దమనిషి ఒకాయన సరదాకి బావ చేతికి కర్ర ఇచ్చాడు. బావ కొట్టిన బంతి ఎటు వెళ్ళిందో నాకు కనబడలేదు గాని, ఆయన నోరు తెరుచుకోవడం మాత్రం కనిపించింది.

ఆ ఏడు ఠాకురాణి జాతర. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చే ఆ రోజుల్లో, మారేడు గుజ్జు కలిపిన పణా తాగి చల్లబడ్డ సాయంత్రాల్లో, ఒళ్ళంతా పసుపు రంగూ నల్ల చారలూ పూసుకున్న పులులు డప్పులకి గెంతుతుంటే, నేను అమ్మ చీరలో దూరి ఒంటికన్నుతో చూసేదాన్ని. ఆ పెద్దమనిషి చలవతో బావ మొదటి పోటీకి రైలెక్కే ముందు, ఆడవాళ్ళు నెత్తిన ఎత్తుకున్న అమ్మవారి ఘటాలు మా వీధిలోకొచ్చాయి. అత్త కొంగు చాపి మొక్కింది.

"నా గుంటడు ఆడిన సోటల్లా నిలబెట్టు తల్లీ. ఆడికి తీరిక సిక్కినప్పుడు నీ ముందు పులేసం కట్టిస్తాను."

"తీరిక సిక్కినప్పుడేటే? ఎప్పుడో సెప్పొద్దా?" అన్నాడు మావయ్య.

"అమ్మకి గడువు పెడతావేటి? నోరు మూసుకో!" అంది అత్త.

పొరపాటంతా అక్కడే జరిగింది. ఆ ఆటలో పోటీ నాలుగు రోజులు. మొదటి రెండు రోజుల్లో వెనకబడ్డవాళ్ళని శుక్రవారమే ఇంటికి పంపేస్తారు, మిగతావాళ్ళు ఆదివారం దాకా ఆడాలి. బావని ఏనాడూ పంపలేదు. కప్పులు అప్పుడప్పుడూ, నిలకడ ఎప్పుడూ. ఏ దేశంలో ఆడినా పేరు పైవరసలోనే. వానాకాలంలో వారం రోజులు వచ్చి, అత్త చేతి చారు తిని, నన్ను "ఏటే అప్పడాల దొంగా" అని పిలిచి వెళ్ళిపోతాడు. జాతర మాత్రం పోటీల రోజుల్లోనే వస్తుంది. ఒకసారి మానేసి వస్తానంటే అత్తే ఒప్పుకోలేదు. "అమ్మిచ్చిన ఆటని నువ్వొగ్గకూడదురా. ఓడిపోయొస్తే అది అమ్మ పిలుపు."

మొన్నటి జాతరలో ఆ పిలుపు వచ్చేలాగే ఉండింది. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్‌లో చూస్తున్నాం, అత్తా నేనూ. బావ జుట్టు నెరిసింది, అయినా కర్ర పట్టిన తీరు మారలేదు. చివరి గుంటకి మూరెడు దూరంలో ఉంటే తప్పే మాటే లేదు, బారెడు దూరంలో ఉంది బంతి. పడితే పోటీలో ఉంటాడు, తప్పితే రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. అత్త ముందే రంగులు వేసేవాడితో మాట్లాడేసింది.

"తప్పించు తల్లీ, ఈ ఒక్కపాలి తప్పించు," అని గొణుగుతోంది. నేనూ లోపల అదే అడుగుతున్నాను.

బంతి కదిలింది. సగం దూరం వెళ్ళి నెమ్మదించింది. అంతే, మోకాళ్ళ నొప్పుల అత్త మంచం మీంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఎల్లు నాయినా! ఎల్లెల్లు! ఆగిపోకు, ఎల్లూ!"

పడింది. అత్త చప్పట్లు కొట్టింది. కొట్టి, కొట్టి, కూర్చుంది.

"రంగులోడికి అక్కర్లేదని సెప్పేయే," అంది.

సాయంత్రం డప్పులు వినిపించాయి. మా డాబా మీద ఇప్పుడు నీళ్ళ ట్యాంకులే ఉన్నాయి, కాపలా కాయడానికి కాకులు కూడా లేవు. పులులు కొన్ని రంగు పూసుకోకుండా కొన్న చారల చొక్కాలతో వచ్చాయి. భయపడే పిల్లలు లేరు, అందరూ ఫొటోలు తీస్తున్నారు. ఘటాలు గుమ్మం ముందు ఆగాయి. అత్త వంగి, ఘటం ఎత్తుకున్న ఆవిడ పాదాల మీద పసుపు నీళ్ళు పోస్తూ, నాకొక్కదానికే వినబడేంత మెల్లగా అంది:

"ఇందాక నానడిగింది ఇననట్టు ఒగ్గేయే తల్లీ."

చెంబు నా చేతికిచ్చింది. నేనూ నీళ్ళు పోసి దండం పెట్టుకున్నాను. నేనడిగింది మాత్రం వెనక్కి తీసుకోలేదు.