కుడి భుజానికి పద్దెనిమిది పాలడబ్బాలు

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున ఎనిమిదింటికి ఆకాశంలో ఢామ్మని ఏదో పేలగానే, చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి వంగి మంచం కిందికి చూశాను. దాక్కుందామని కాదు, అక్కడ ఏమైనా ఉన్నాయేమోనని. ఈ వయసులో మోకాళ్ళు వంచడమంటే ఎంత పనో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, ఆ చప్పుడుకు అవి నన్ను అడక్కుండానే వంగాయి. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, అవి బాంబులు కావు నాన్నా, ఊరి పండగ ఔట్లు, ఇక్కడ పట్టపగలే కాలుస్తారు అంది. తను ఈ మాల్టా దీవిలో నర్సుగా చేరి నాలుగేళ్ళయింది. చూసిపోదామని వచ్చిన మా ఇద్దరికీ ఆ పేలుడు ఏం గుర్తుచేసిందో ఒకరికొకరం చెప్పుకోవలసిన అవసరం లేదు. మా ఆవిడ నా వైపు చూసి, నవ్వకుండా, కాఫీ గ్లాసు మళ్ళీ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పండగకు వెళ్ళాం. చర్చి ముఖమంతా బల్బుల తోరణాలు, మిద్దెల మీంచి ఎర్ర పట్టుగుడ్డలు, ఇత్తడి వాయిద్యాల బ్యాండు, పైనుంచి జనం మీదికి గుప్పిళ్ళతో విసిరే రంగు కాగితపు ముక్కలు. తిరునాళ్ళ అంగళ్ళు ఎక్కడైనా తిరునాళ్ళ అంగళ్ళే కాబట్టి నా కాళ్ళు అటే పోయాయి. తేనె, బాదంపప్పు కలిపి పలకలు పోసిన మిఠాయి ఒకటి అక్కడ అమ్ముతారు. నేను అలవాటు కొద్దీ ధర సగానికి అడిగాను. మా అమ్మాయి వెంటనే నాలుగడుగులు దూరం జరిగి, నేనెవరో ఎరగనట్టు బ్యాండు వైపు తిరిగింది. అంగడివాడు పైసా తగ్గించలేదు గానీ, పలకలు కత్తిరిస్తూ తన భాషలో లెక్కపెట్టుకుంటుంటే, ఒకటి, రెండు, మూడు నాకు తెలిసిపోయాయి. ఈ దీవి వాళ్ళ భాష అరబ్బీకి చుట్టం. ఆ అంకెల్ని అదే యాసలో నేను మొదటిసారి విన్నది ఇక్కడ కాదు, కువైట్‌లో, ఫర్వానియాలో ఒక మిద్దె మెట్ల మీద.

నేను పుట్టింది ప్రొద్దుటూరు అంగళ్ళ మధ్య. మాటలు వచ్చిన కొత్తలోనే మా నాయన నన్ను కొట్లో చాప మీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళు మొదట చూసిన సరుకు కాదురా, రెండోసారి చూసిన సరుకు గుర్తుపెట్టుకో అని నేర్పాడు. అంత చదువు చదివినవాణ్ణి కువైట్ పోయి ఒక కిరాణా కొట్లో డబ్బాలు సర్దుతూ బతికాను, అదీ నా తెలివి. మా ఆవిడ సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటపని చేసేది. రెండేళ్ళ బిడ్డను మా అత్తగారి దగ్గర వదిలి వచ్చాం. శుక్రవారం శుక్రవారం నేను బస్సెక్కి సల్వా పోయి, ఆ ఇంటి వెనక గేటు దగ్గర ఒక గంట మా ఆవిడతో మాట్లాడి వచ్చేవాణ్ణి. కాపురమంటే అదే మాకు.

తొంభైలో, ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ కథ అందరికీ తెలిసిందే. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన కొట్టు యజమాని, తన కుటుంబాన్ని కారెక్కించి సౌదీ వైపు వెళ్ళిపోతూ తాళాలు నా చేతిలో పెట్టాడు. మూడో రోజుకు సైనికులు తాళం అవసరం లేకుండానే కొట్టు ఊడ్చుకుపోయారు. అంతకు ముందు రోజే నేను ఇరవై పాలపొడి డబ్బాలు గదికి చేరవేసి మంచం కింద పేర్చాను. యజమాని సొత్తు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. తిండి సరుకు దాచినవాళ్ళకు ఉరి అని రేడియోలో చెప్పినప్పుడు, దాచడమంటే గోడౌన్లు, ఇరవై డబ్బాలు సరుకు కాదు, ఇంటి సామానే అని కూడా చెప్పుకున్నాను. బేరగాడు ఎదుటివాణ్ణి ఒప్పించే ముందు తనను తాను ఒప్పించుకుంటాడు.

ఆ డబ్బాల మీద నాకొక లెక్క ఉంది. దినార్లకు విలువ పోయింది. జోర్డాన్ దాకా బస్సు నడుపుతానన్న ఇరాకీ డ్రైవరొకడు, బస్రా ఊరివాడు, సీటుకు పది డబ్బాలు అడిగాడు. రెండు సీట్లు, ఇరవై డబ్బాలు. బస్సు పదహారో తేదీ తెల్లవారి బయలుదేరుతుంది. మిగిలింది ఒకటే, మా ఆవిడను సల్వా నుంచి తీసుకురావడం. ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా నేను ఆమెను చూడలేదు. ఫోన్లు లేవు. దారిలో మూడు చోట్ల సైనికుల తనిఖీ. ఒకసారి నడిచి పోబోతే మొదటి చోటే తుపాకీ మడమతో వెనక్కి తోశారు. పైగా ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి మామా, అంటే యజమానురాలి దగ్గరే ఉంది. ఆ కుటుంబం ఉందో, పారిపోయిందో, పారిపోతే మా ఆవిడను ఏం చేసి పోయిందో తెలియదు. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే మెట్లు దిగాలనిపించేది, దిగితే మళ్ళీ ఎక్కేవాణ్ణి. నా గదిలో ఉండే రాయచోటి బావ నన్ను చూసి చూసి, "బావా, మెట్లు అరిగిపోతాండాయి, కొంచెం మెల్లగా తిరుగు" అనేవాడు. మాకు చుట్టరికమేమీ లేదు. ఆయన ముస్లిం, మా జిల్లా వాళ్ళకు బావా అనడానికి అది అడ్డం కాదు.

మూడో అంతస్తులో ఒక ముసలి నర్సమ్మ ఉండేది. ఈ దీవి మనిషే. మేమందరం సిస్టరమ్మ అనేవాళ్ళం, అసలు పేరు నాకు ఎప్పటికీ తెలియలేదు. ప్రసూతి ఆసుపత్రిలో పని. తెల్లకోటు, ఆసుపత్రి కారు ఉండడంతో సైనికులు ఆమెను పోనిచ్చేవారు. ఆగస్టు పదిహేను మనకు జెండా పండగ, ఆమెకు మరియమ్మ పండగ. ఇంట్లో రెండడుగుల కొయ్య విగ్రహం ఉంది, వాళ్ళ అన్న చెక్కింది. ఏటా ఆ రోజు నలుగురు చర్చి స్నేహితులు వచ్చి, విగ్రహాన్ని మోసుకుంటూ మెట్లు దించి, ఆవరణ చుట్టూ తిప్పి, తిరిగి తెచ్చేవారు. వాళ్ళ ఊళ్ళో అయితే వీధులన్నీ తిప్పి, చివరి మెట్ల దగ్గర మోసేవాళ్ళు ఒక్క పరుగున గుళ్ళోకి దూసుకుపోతారట. అమ్మ ఇంటికొచ్చిన సంతోషమట. ఆ ఏడు నలుగురిలో ఎవరూ రాలేకపోయారు. పొద్దున్నే ఆమె మా తలుపు తట్టి, తనకొచ్చిన హిందీలో, మోయడానికి మనుషులు కావాలంది.

నాలోని ప్రొద్దుటూరు లేచి కూర్చుంది. ఆమెకు భుజం కావాలి, నాకు కారు కావాలి. నేను మోస్తాను, మీరు నన్ను సల్వా తీసుకెళ్ళి మా ఆవిడను తేవాలి, అన్నాను. పైగా, సైన్యం తిరుగుతున్న రోజుల్లో ఆవరణ ప్రదక్షిణ ప్రమాదం, మెట్ల వరకే చాలు అని ఆ పనిని కూడా సగానికి తగ్గించబోయాను. సిస్టరమ్మ అంతా విని, చాలా రోజుల తర్వాత నవ్వింది. మా ఊళ్ళో అమ్మను మోసినందుకు మేము ఎవరికీ ఏమీ ఇవ్వము నాయనా, మోసేవాడే ఇచ్చుకుంటాడు, ముందు వరసలో కుడివైపు మోతకొయ్య పట్టే చోటుకు వేలంపాట, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది, అంది. ఏం పాడతావు అని అడుగుతూ ఆమె నా ముఖం చూడలేదు, మంచం కింద చూసింది. రెండోసారి చూసిన సరుకు ఏదో అప్పుడైనా నాకు తట్టి ఉండవలసింది.

కింది అంతస్తు గోవా వంటమనిషి, ఈజిప్టు కాపలాదారు కూడా మెట్ల మీదికి వచ్చారు. నేను ఒక డబ్బాతో మొదలుపెట్టాను.

"రెండు" అన్నాడు వెనకనుంచి రాయచోటి బావ.

"నీకు డబ్బాలు యాడివి బావా?"

"నీ మంచం కింద లేవా? ఇద్దరిదీ ఒకటే గది గదా."

"గది ఒకటే గానీ మంచాలు రెండప్పా!"

"ఐతే మూడు. మరియమ్మ మాకు కూడా పెద్దమ్మే, నేను పాడకూడదా?"

నవ్వులు మొదలయ్యాయి. సిస్టరమ్మ తన భాషలో అంకెలు పలుకుతూ పోయింది, ఈజిప్టు అతను వంతపాడాడు. నా సొంత డబ్బాలకు నేనే ఎదురు పాడుతున్నానని తెలుస్తూనే ఉంది. కానీ అంగళ్ళ మధ్య పెరిగినవాడికి ఎవడైనా పైపాట పాడితే నోరు ఊరుకోదు, అది జబ్బు. పది దాటింది. పదిహేను దాటింది.

"బావా, నా కొంప ముంచుతాండావు."

"ముంచేది నేనా? నోరు నీది. వద్దంటే మూసుకో, పదిహేడు."

"పద్దెనిమిది!"

ఆయన చేతులు రెండూ పైకెత్తి, ఖలాస్, నావల్ల కాదు అన్నాడు. సిస్టరమ్మ నా కుడి భుజం తట్టింది. అందరూ చప్పట్లు కొట్టాక, ఏం చేశానో నాకు అర్థమయింది. రెండు సీట్లూ పోయాయి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆసుపత్రి స్ట్రెచర్‌కు తెల్లదుప్పటి కప్పి, దాని మీద అమ్మను నిలిపి గుడ్డపీలికలతో బిగించారు. సిస్టరమ్మ ముందు నడుస్తూ సన్నగా ఏదో పాడింది. మేము నలుగురం మోశాం. ఆవరణలో అడుగుపెట్టేసరికి వీధిలో సైనికుల ట్రక్కు ఇంజన్ వినబడి అందరం ఆగిపోయాం. విగ్రహం ఒరగబోతే నా చెంప అమ్మ కొయ్య పాదానికి ఆనింది. ట్రక్కు పోయింది. ఆవరణ చుట్టి మెట్ల దగ్గరికి రాగానే సిస్టరమ్మ వెనక్కి తిరిగి, యల్లా, పరుగు, అంది. మూడు అంతస్తులు ఆగకుండా పరిగెత్తాం. గోవా అతను ఏడుస్తున్నాడు, బావ నవ్వుతున్నాడు, నా ఊపిరి నాకు అందడం లేదు. అన్ని రోజుల్లో నా కాళ్ళకు పోవలసిన చోటు తెలిసి పరిగెత్తింది ఆ ఒక్కసారే.

దింపీ దింపగానే సిస్టరమ్మ తెల్లకోటు వేసుకుని, పద, కర్ఫ్యూకు ఇంకా మూడు గంటలుంది, డబ్బాలు కారులో పెట్టు, సల్వా పోదాం అంది. నేను బేరం ఓడిపోయానే అన్నాను. కారు నీ బేరంలో ఎప్పుడుంది అని మాత్రం అంది.

రెండో తనిఖీలో సైనికులు డిక్కీ తెరిపించారు. పద్దెనిమిది డబ్బాలూ వరసగా కనబడ్డాయి. అధికారి నా వైపు చూశాడు. నేను ఇంటి సామాను అనబోయాను. సిస్టరమ్మ తన గుర్తింపు కార్డు చూపించి, ఆసుపత్రిలో పాలులేని పసిపిల్లలెందరో చేతివేళ్ళతో చెప్పి, కావాలంటే వెంట రమ్మంది. అతను డిక్కీ మూశాడు. ఆసుపత్రిలో ఆ డబ్బాలు దించుతుంటే ఒక ఆయా మొదటిదాన్ని నా చేతిలోంచే లాక్కుని పరిగెత్తింది.

సల్వాలో ఆ ఇంటి ముందు గేటుకు తాళం ఉంది. వెనక గేటు తడితే చాలాసేపు ఎవరూ పలకలేదు. పోయారు అనుకున్నాను. తర్వాత మా ఆవిడ గొంతు, "ఎవరూ?" అని. నేనే అన్నాను. తలుపు తీసి, పలకరించకుండా, "ఇన్ని దినాలా రావడానికి?" అంది. మామా పిల్లల్ని పెట్టుకుని లోపలే ఉంది. నేను నోరు తెరిచే లోపే ఆమె అల్మరా తెరిచి పాస్‌పోర్టు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి మా గది తలుపు బార్లా తీసి ఉంది. మేము లేనప్పుడు సైనికులు మిద్దె అంతా సోదా చేశారట. పరుపులు చీల్చి, మిగిలిన రెండు డబ్బాలూ, బావ రేడియో పట్టుకుపోయారు. రెండు డబ్బాలే కాబట్టి ఎవరివని ఏమీ అడగలేదట. పక్క వీధిలో బియ్యం బస్తాలు దొరికిన ఒకతన్ని ట్రక్కెక్కించారని బావ చెప్పాడు. నేను ఖాళీ మంచం కింద చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు బస్రా డ్రైవరు కూడా సోదాలకు భయపడి, పాలడబ్బాలు నా బస్సు దరిదాపుల్లోకి తేవద్దన్నాడు. ఒకప్పుడు మూడు రోజులు బేరమాడి నేను కొన్న, సోదాలో వాళ్ళ కంటపడని టేపురికార్డరు తీసుకుని రెండు సీట్లిచ్చాడు. ఈసారి నేను బేరమాడలేదు. సిస్టరమ్మ మెట్ల మీద నిలబడి చెయ్యూపింది. ఆసుపత్రి వదిలి రానంది. ఆ తర్వాత ఏమయిందో నాకు తెలియదు. మా అమ్మాయి నర్సు కోర్సులో చేరతానన్నప్పుడు ఇల్లంతా వద్దన్నా నేనొక్కడినే ఊరుకున్నదెందుకో ఆ పిల్లకు నేను ఎప్పుడూ చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత రాయచోటిలో బావ కనబడితే, ఆ రోజు నా మీద ఎందుకంత పాడావు, నన్ను కాపాడాలనేనా అని అడిగాను. ఆయన విరగబడి నవ్వాడు. "డబ్బాలు దొరికితే ఉరి నీకొక్కడికే ఏస్తారా బావా? పక్క మంచం నాది గదా!" మరి సిస్టరమ్మ ముందే నీతో మాట్లాడిందా అంటే, టీ చల్లారిపోతుంది తాగమన్నాడు.

ఈ దీవిలో ఇవాళ్టిది నేను చూస్తున్న మూడో పండగ, వేరే ఊరిది. సిస్టరమ్మ ఎప్పుడూ మా ఊరు అనేది గానీ పేరు చెప్పలేదు. అందుకే ప్రతి ఊళ్ళోనూ చివరి మెట్ల దగ్గర నిలబడి, పరుగు కోసం చూస్తాను. పరుగున్న ఊరు ఆమెది. ఒక ముసలాయన్ని మా అమ్మాయితో అడిగించాను, మోయడానికి వేలంపాట ఉందా అని. చిన్నప్పుడు ఉండేదట, ఇప్పుడు కమిటీ వాళ్ళే మనుషుల్ని ఎంపిక చేసి జాబితా అంటిస్తారట. మిఠాయి పక్కన ధర రాసి ఉంటుంది, భుజాల పేర్లు గోడ మీద ఉంటాయి. అంతా సవ్యంగానే ఉంది. మనిషి మంచం కిందికి ఒకసారి చూసి, వాడు మోయలేనిదేదో కనిపెట్టి, దాన్ని వాడి నోటితోనే పాడించి తీసుకునేవాళ్ళకు మాత్రం ఎక్కడా చోటు కనబడదు.

వీధులన్నీ తిరిగి అమ్మ విగ్రహం చర్చి ముందుకు తిరిగొచ్చింది. మోసేవాళ్ళు మెట్ల కింద ఆగారు. బ్యాండు ఆగింది. నా కుడి భుజం దానంతటదే లేచింది, కాలు ముందుకు పడింది. మా ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టుకుంది.

"యాడికి?"

వాళ్ళు ఒక్కో మెట్టు నెమ్మదిగా, జాగ్రత్తగా, నడిచే ఎక్కారు.